పండుగ పూట వంటింట్లో ఆమె ఒక్కతేనా?

బక్రీద్ పండుగ ఎవరికి అని అడిగితే అందరికీ అనే చెబుతాం. కాని ఆ రోజు మన ఇళ్లలో ఎలా గడుస్తుందో కాస్త నిదానంగా చూద్దాం. ఫజ్ర్ నమాజుకు లేచిన ఇల్లాలు పిల్లలకు స్నానాలు చేయించి కొత్త బట్టలు తొడుగుతుంది. మగవాళ్లు ఈద్గాహ్‌కు బయలుదేరే వేళకు ఇస్త్రీ బట్టలు, టోపీ, అత్తరు చేతికందిస్తుంది. వాళ్లు నమాజు చదివి వచ్చి ఖుర్బానీ ముగించేసరికి మాంసం పళ్లేలు వంటింట్లోకి వస్తాయి. ఇక అక్కడి నుంచి ఆమెకు తీరిక ఉండదు. శుభ్రం చేయాలి, వాటాలు పొట్లాలు కట్టాలి, ముందుగా కలేజీ వేయించి పెట్టాలి, మధ్యాహ్నానికి బగారా అన్నం, రాత్రికి చుట్టాల కోసం బిర్యానీ. వచ్చినవాళ్లకల్లా దస్తర్‌ఖాన్ పరచి, వడ్డించి, ఎత్తి, మళ్లీ పరిచి ఆమె అన్నం ముందు కూర్చునేసరికి అసర్ వేళ దాటుతుంది. అప్పటికి దేగ్చాలో అడుగు మిగులుతుంది, ఆకలి చచ్చిపోతుంది.

పైగా ఇటీవలి సంవత్సరాల్లో బక్రీద్ ఎండాకాలపు సెగలోనే వస్తోంది. 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న జరుపుకున్నాం. చంద్రమానం ప్రకారం ప్రతి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక మరికొన్నేళ్లు ఈ పండుగ మన ప్రాంతపు నడివేసవిలోనే పడుతుంది. ఆ ఎండలో, కిటికీ కూడా సరిగా లేని వంటగదిలో, రెండు పొయ్యిల మధ్య రోజంతా నిలబడటమంటే ఏమిటో నిలబడినవాళ్లకే తెలుస్తుంది.

మన నానమ్మల కాలంలో ఇంత వంట లేదా అని కొందరంటారు. ఉంది. కాని వంటింట్లో ఒక్కరే లేరు. అత్తగారు, తోడికోడళ్లు, ఆడపడుచులు, పెళ్లికెదిగిన పిల్లలు అందరూ ఉండేవారు. ఒకరు ఉల్లిపాయలు తరిగితే ఒకరు మసాలా నూరేవారు, ఇంకొకరు పొయ్యి దగ్గర కూర్చునేవారు. మాటలతో, నవ్వులతో పని తెలియకుండా సాగిపోయేది. ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం పట్నాలకు వచ్చి రెండు గదుల వాటాల్లో కాపురాలు పెట్టాక ఆ చేతులన్నీ పోయాయి. వంటకాల సంఖ్య మాత్రం తగ్గలేదు. పది చేతుల పని రెండు చేతుల మీద పడింది.

దీనికి మేము కనుక్కున్న మార్గం చాలా చిన్నది. పండుగ విందును రెండు జంటలు కలసి, ఒకే ఇంట్లో, నలుగురూ పని పంచుకుని వండుకోవాలి. పక్క వాటాలోని దంపతులతో కలసి మేము మూడేళ్లుగా అలాగే చేస్తున్నాం. ఇది ప్రతి ఇంటా సాధ్యమేనని, అవసరం కూడా అని మా అభిప్రాయం.

మొదట మగవాళ్ల సంగతి. వంటపని మగవాడికి నామోషీ అనే మాట మన ధర్మంలో లేదు. ఇంట్లో ప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ల పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. తమ చెప్పులు తామే కుట్టుకునేవారని కూడా హదీసుల్లో చదువుతాం. ఆ సున్నతును గడ్డం దగ్గర గుర్తు పెట్టుకుని గరిటె దగ్గర మరచిపోవడం ఏం న్యాయం?

ఇంకొక హదీసు ఉంది. సేవకుడు భోజనం వండి తెచ్చినప్పుడు అతణ్ణి మీతో కూర్చోబెట్టుకోండి, లేదా కనీసం ఒకటి రెండు ముద్దలైనా చేతికివ్వండి, ఆ వంట వేడిని భరించినవాడు అతనే కదా అని ప్రవక్త (స) బోధించారు. జీతానికి వండే మనిషి భరించిన సెగకే ఇంత విలువ ఇచ్చిన ధర్మం మనది. మరి జీతం లేకుండా జీవితమంతా ఆ సెగ భరించే ఇల్లాలికి పండుగ రోజున కూడా చివరి ముద్దేనా?

మన పెళ్లిళ్లలో దేగ్‌ల ముందు గరిటె తిప్పే వంటమాస్టరు మగవాడే. ఊళ్లో పేరున్న హోటల్లో బిర్యానీ వండేదీ మగవాడే. డబ్బుకు వండితే పనితనం, ఇంట్లో వండితే చిన్నతనం ఎలా అవుతుంది?

ఇక మేము చేసే పద్ధతి. పండుగ మొదటి రోజు నమాజు, ఖుర్బానీ, వాటాల పంపిణీతోనే సరిపోతుంది. అందుకని పెద్ద విందు బాసీ ఈద్ నాటి రాత్రికి పెట్టుకుంటాం. అప్పుడే కోసిన మాంసం బిరుసుగా ఉంటుంది, ఒక రాత్రి చల్లదనంలో ఉంచితే మెత్తబడుతుంది. కాబట్టి ఆలస్యం వంటకూ మేలే. రెండిళ్ల ఖుర్బానీలో ఇంటివాళ్ల కోసం ఉంచుకున్న వాటాల నుంచే చెరో కిలో మాంసం తీస్తాం. బంధువులవీ, పేదలవీ ముందురోజే చేరవలసిన చోటికి చేరిపోతాయి. రెండు కిలోల మాంసం, రెండు కిలోల బియ్యం. పిల్లలతో సహా మా తొమ్మిది మందికీ, వచ్చే అతిథులకూ అది చాలు.

బిర్యానీ మొత్తం మగవాళ్లది. డాబా మీద కిలో ఉల్లిపాయలు తరిగి ఎర్రగా వేయిస్తారు. పెరుగు, అల్లంవెల్లుల్లి, పచ్చిబొప్పాయి ముద్ద, పుదీనా, మసాలాలు కలిపి, మాంసం వేయకముందే ఒక చెంచాడు పిల్లల చేత కిందికి పంపి ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కుంటారు. తరువాత మాంసం ఊరబెట్టడం, షాజీరా వేసిన నీళ్లలో బియ్యం ముప్పావు వంతు ఉడకనిచ్చి వార్చడం, పొరలుగా వేసి మూత చుట్టూ గోధుమపిండి అంటించడం, కింద పెనం పెట్టి సన్నటి మంట మీద ముప్పావుగంట దమ్ చేయడం అన్నీ వాళ్లే. కింద వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు దాల్చా, ఖుబానీ కా మీఠా చేస్తారు. అంతటితో వాళ్ల పని అయిపోతుంది. తీపిని ముందుగా, విడిగా ఉంచిన గిన్నెలో చేస్తాం. దాల్చాలో కొంత మాంసం వేయకుండా, సొరకాయతోనే చేసి పక్కకు తీస్తాం. మాంసం ముట్టని ఇరుగుపొరుగు హిందూ సోదరులకు అవి మనసులో ఏ సందేహమూ లేకుండా ఇవ్వవచ్చు.

చివర గిన్నెలు తోమడం కూడా పంపకంలో ఉంది. వండి పెట్టి, అడుగంటిన దేగ్చాను ఆడవాళ్లకు వదిలేస్తే అది సాయం కాదు, సరదా.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. రెండు కుటుంబాలు ఒక ఇంట్లో వండుకుంటే పర్దా మాటేమిటి? అడగదగిన ప్రశ్నే. పైన చెప్పిన పంపకంలోనే దానికి జవాబుంది. మగవాళ్ల పని డాబా మీద, ఆడవాళ్ల పని వంటింట్లో, మధ్యలో కబురు మోసేది పిల్లలు. పెరడు ఉన్నవాళ్లకు పెరడు, వరండా ఉన్నవాళ్లకు వరండా. దస్తర్‌ఖాన్‌లు కూడా రెండు పరుస్తాం. కాని రెండూ ఒకే సమయానికి పరుస్తాం. మా నియమాలన్నిటిలోకి ముఖ్యమైనది ఇదే. మగవాళ్లు తిని లేచాక ఆడవాళ్ల బంతి అనే మాట ఉండకూడదు. దమ్ మూత తీసిన వేడి బిర్యానీ రెండు గదుల్లోకీ ఒకేసారి వెళ్లాలి.

మరో అభ్యంతరం ఇంటి పెద్దావిడల నుంచి వస్తుంది. మొదటి ఏడాది మా ఇంట్లోనూ వచ్చింది. ‘‘కొడుకు ఉల్లిపాయలు తరుగుతుంటే కోడలు కూర్చోవడమేంటి, నలుగురు వింటే ఏమనుకుంటారు’’ అని అమ్మీ అన్నారు. ‘‘అమ్మీ, మీరు ఏ పండుగ రోజైనా వేడి అన్నం తిన్నారా?’’ అని అడిగాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత వెల్లుల్లిపాయలు తెమ్మని, తానూ ఒలుస్తానని డాబా మీద పీట వేయించుకున్నారు.

రెండు జంటలు కలిస్తే వంటకాల పోటీ కూడా తగ్గుతుంది. ఎవరింట్లో వాళ్లు వండినప్పుడు పక్కింట్లో నాలుగు రకాలు చేశారట, మనం ఆరు చేయాలి అనే ఆరాటం ఉంటుంది. సగం తిని సగం పారబోస్తాం. దుబారాను ఖురాన్ ఎంత గట్టిగా వారించిందో మనకు తెలియనిది కాదు. ఖుర్బానీ మనపై ఉన్న బాధ్యత, నమాజు మనపై ఉన్న బాధ్యత. ఆరు రకాల వంటలు ఎవరూ విధించలేదు. ఒక బిర్యానీ, ఒక దాల్చా, ఒక తీపి చాలు.

ఇద్దరి భోజనం నలుగురికి సరిపోతుందని ప్రవక్త (స) చెప్పారు. ఎంత తిన్నా కడుపు నిండటం లేదని కొందరు సహాబాలు మొరపెట్టుకున్నప్పుడు, మీరు విడివిడిగా తింటున్నారేమో, కలసి తినండి, అందులో శుభం ఉందని బోధించారు. కలసి వండిన ఇంట్లో ఇంకో నలుగురికి చోటు దానంతట అదే దొరుకుతుంది. సెలవు దొరక్క ఊరికి పోలేని ఉద్యోగి, హాస్టల్లో చదువుకునే కుర్రవాడు, భర్త గల్ఫ్‌లో ఉండగా పిల్లలతో ఒంటరిగా పండుగ చేసుకునే సోదరి మన వీధిలోనే ఉంటారు. ఖుర్బానీ మాంసాన్ని మీరూ తినండి, అడిగేవారికీ అడగనివారికీ పెట్టండి అని హజ్ సూరాలో అల్లాహ్ ఆదేశం. అడగనివాళ్లు ఎవరో మనమే వెతుక్కోవాలి. ఒంటరిగా అలసిపోయిన ఇల్లాలికి ఆ వెతుకులాటకు ఓపిక ఎక్కడిది? పని నలుగురు పంచుకుంటే ఆ ఓపిక వస్తుంది.

పాఠక సోదరులారా, సోదరీమణులారా! రాబోయే పండుగకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. మీకు మనసు కలిసిన ఒక్క జంటతో ముందుగానే మాట్లాడుకోండి. ఎవరింట్లో వండాలో, ఎవరు ఏం తేవాలో, ఎవరు ఏం తోమాలో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు ఇంట్లో ఇంకా నిలబడి ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో ఒకసారి చూడండి. వాళ్లు కూడా కూర్చున్నాకే బిస్మిల్లాహ్ అని మొదటి ముద్ద తీసుకోండి.