గ్రామ పటమును రైతే సరిదిద్దవలెను

మన అనంతపురపు మెట్ట సీమలో సాలుకు సగటున కురియు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే. అదియు సమయమునకు కురియునను నమ్మకము లేదు. ఒక మంచి వాన పడిననాడు వంకలలో పారిన నీరు చెరువుకు చేరినదా, దారి తప్పినదా అను దానిమీదనే ఆ ఏటి ఆయకట్టు పంట, చుట్టుప్రక్కల బోర్లలో ఊట ఆధారపడియుండును. కావున చెరువెంత ముఖ్యమో, దానికి నీరు తెచ్చు వంకయు అంత ముఖ్యము. ఈ సంగతి రైతు సోదరులకు నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయితే ఆ వంక నేడు అందరు చూచుచున్న పటములలో ఉన్నదా అని విచారించినవారు చాల తక్కువ.

ఇప్పుడు చాలమందికి సెల్ ఫోనులో కనిపించునదే పటము. ఇండ్ల స్థలములకు లే అవుటు వేయువారు, సౌర విద్యుత్తు పలకలకు భూమి వెదకువారు, రోడ్డుకు అంచనా వ్రాయువారు, 108 వాహనము నడుపువారు మొట్టమొదట చూచునది దానినే. పటములో వంక లేకున్న అచ్చట వంకయే లేదని పై ఊరివాడు తలచును. వంక పూడి, దానిమీద మట్టి తోలిన తరువాత చెరువు నిండలేదని అర్జీలు పెట్టుకొన్నందువలన కలుగు మేలు స్వల్పము.

కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమునకు పర్యటనకు పోయినపుడు నా ఫోనులోని పటము చెరువు లోపలి భూమిని బీడుగా చూపి, దాని నడుమ ఒక బండ్ల దారిని కూడ చూపినది. వేసవిలో తీసిన ఉపగ్రహ ఛాయాచిత్రమును చూచి ఎవరో దూరమున కూర్చుండి గీచిన గీత అది. ఎండిన చెరువులో తుమ్మచెట్లు తప్ప వారికి మరేమి కనిపించును? నా వెంట ఉన్న వృద్ధ రైతు నవ్వి, “మా తాత ఈత నేర్చుకునింది ఈ చెరువులోనే సార్” అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్న సమాచారము ఆ ఛాయాచిత్రములో లేదు.

మన పెన్నయే చాల నెలలు ఇసుకగా కనిపించును. ఇక చిన్న వంకల మాట చెప్పవలెనా? కేంద్ర జలశక్తి శాఖ 2023లో ప్రకటించిన మొదటి జలవనరుల గణన ప్రకారము దేశములో 24 లక్షలకు పైగా నీటి వనరులు కలవు. అందులో చెరువుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానము. చెరువులను లెక్కించిరి, మంచిదే. కాని ఏ చెరువుకు ఏ దారిన నీరు వచ్చునో లెక్కవలన తెలియదు. అది పటములో ఎక్కవలెను.

ఇందుకు సాధనము ఇప్పుడు మన చేతిలోనే కలదు. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనునతడు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటమును ఆరంభించెను. ఇందులో ఎవరైనను తమ ఊరి దారిని, చెరువును, వంకను గుర్తించవచ్చును. ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చును. వంక ఏడాదిలో కొంతకాలమే పారునని వ్రాయుటకు వీలు కలదు. పేరును తెలుగులోనే వ్రాయవచ్చును. 2022 డిసెంబరులో అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కంపెనీలు కలిసి ఓవర్చర్ మ్యాప్స్ అను సంస్థను నెలకొల్పినవి. ఇటువంటి బహిరంగ పట సమాచారమును పరీక్షించి, తప్పులు ఏరి, ఇతర పటములకు ఆధారముగా అందించుట దాని పని. అనగా మన ఊరిలో చేసిన మంచి గుర్తు ఎంత దూరమైనను పోగలదు. తప్పు గుర్తు పరీక్షలో దొరకక జారిపోయిన, అదియు అంత దూరము పోవును.

ఇచ్చటనే గ్రామోద్యోగులు కొందరు సందేహము తెలుపుచున్నారు. ఒకడు పోరంబోకులో తనకు దారి ఉన్నట్లు గీచిన గతియేమి? ఇంకొకడు వంకను చెరిపివేసిన గతియేమి? ఈ సందేహము న్యాయమైనది. దీనికి సమాధానము రైతును దూరముంచుటలో లేదు. రైతు చేసిన పనిని తనిఖీ చేయుటలో కలదు.

తనిఖీ ఈ సీమకు క్రొత్త కాదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో 33 అడుగుల గొలుసుతో పొలము పొలమును కొలిపించెను. ఒకరు కొలిచినదానిని పై సర్వేయర్లు తిరిగి కొలిచి చూచెడివారు. మన కాలములోనే, 2000 తరువాతి దశకములో, ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకము క్రింద అనంతపురముతో సహా ఏడు కరవు జిల్లాల రైతులు బావులలో నీటిమట్టమును, వానను తామే కొలిచిరి. ఆ అంకెలను ఊరిలో బోర్డుమీద వ్రాసిరి. నలుగురి ఎదుట వ్రాసిన అంకెలో తప్పున్న ఇరుగుపొరుగువారే పట్టుకొందురు.

కావున నా అభిప్రాయమున గ్రామములలో ఈ పద్ధతి అనుసరించుట మేలు. మొదట ఆయకట్టు రైతులలో ఇద్దరు ముగ్గురు వంక వెంట నడచి, ఫోనుతో గుర్తులు తీసికొనవలెను. ఇది రెండుసార్లు చేయవలెను. వేసవిలో వంక గర్భము స్పష్టముగా కనిపించును. మంచి వాన కురిసిన మరునాడు నీరు నిజముగా ఏ దారిన పోయినదో తెలియును. తరువాత, గుర్తు పెట్టినవారు గాక వేరొకరు అదే చోటికి పోయి సరిచూడవలెను. పిమ్మట గ్రామ సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు గ్రామ పటముతో పోల్చి చూడవలెను. చివరకు గ్రామసభలో చదివి వినిపించి, ఆక్షేపణలు విని, పటమున ఎక్కించవలెను. ఈ పటములో ప్రతి మార్పు ఎవరి ఖాతానుండి ఎప్పుడు జరిగినదో నమోదగును. తప్పైన దానిని వెనుకటి స్థితికి తేవచ్చును.

కొన్ని హద్దులు మరువరాదు. సెల్ ఫోను గుర్తు బయలు ప్రదేశములో కూడ కొన్ని మీటర్లు అటునిటు పోవును. వంకకు, బండ్ల దారికి అది చాలును. గట్టు తగవుకు ఎంతమాత్రము చాలదు. పొలము హద్దులకు సర్వే రికార్డు, 2020 డిసెంబరులో ఆరంభమైన పునఃసర్వే కొలతలే ఆధారము. రైతుల పేర్లు, సొంత బోర్ల వివరములు ఇందులో వ్రాయరాదు. ఇతర కంపెనీల పటములనుండి నకలు తీయరాదు.

దీనికి ఖర్చు లేదు, కాలినడక తప్ప. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మన దేశస్థులు పట సమాచారము సేకరించుటకు ముందస్తు అనుమతుల అవసరమును తొలగించినది. కావున రైతు సోదరులు వచ్చు మృగశిర కార్తె లోపల తమ చెరువు వంకను ఒకమారు నడచి చూడవలెను. గ్రామోద్యోగులు వారితో నడచి, తనిఖీ బాధ్యత వహింపవలెను. మనము వ్రాయని వంకను పై ఊరివాడు వ్రాయడు.