తొమ్మిది టాంకుల లెక్క

పిల్లలూ, ఈ నెల ముందుగా ఒక చిన్న లెక్క. ఒక యుద్ధంలో ఒక సైన్యంవారి టాంకులు 9 నాశనమయినాయి. వాటిలో రెండు కదలలేక నిలిచిపోతే, శత్రువు చేతికి చిక్కకుండా ఆ సైన్యంవారే పేల్చివేశారు. ఏడింటిని పొరపాటున తమవాళ్ళే కొట్టారు. ఇక శత్రువు నాశనం చేసినవి ఎన్ని?

సున్న! ఇది కట్టుకథ కాదు. 1991లో కువైట్ కోసం ఇరాకుతో జరిగిన గల్ఫ్ యుద్ధంలో, అమెరికావారి ఏబ్రమ్స్ టాంకుల లెక్క ఇది. మరి 14 దెబ్బతిన్నాయి గాని, పూర్తిగా నాశనం కాలేదు. టాంకు గొప్ప చెప్పేవారు గెలుపుల లెక్కే చెబుతారు. నష్టాల లెక్కలోనే తెలుసుకోవలసింది ఎక్కువని నా అభిప్రాయం.

ఏబ్రమ్స్ బరువు సుమారు 60 టన్నులు. లోపల నలుగురు మనుషులుంటారు. అన్నిటికన్న విశేషం దాని కన్ను. అది వెలుతురును గాక వేడిని చూస్తుంది. నడిచే బండి ఇంజను చుట్టూ ఉన్న ఇసుక కంటే వేడిగా ఉంటుంది గదా! ఆ తేడాను పట్టుకొని, చీకట్లోనూ దుమ్ములోనూ కూడా ఎదుటి బండి ఆకారం చూపిస్తుంది. ఆ ఏడు ఫిబ్రవరి 26న, ఇసుక గాలిలో, మాక్‌మాస్టర్ అనే కాప్టెన్ దళం 9 ఏబ్రమ్స్‌తో 23 నిమిషాల్లో సుమారు 28 ఇరాకీ టాంకులను ధ్వంసం చేసింది. ఆ దళంలో ఒక్క టాంకూ పోలేదు.

ఇంత మంచి కన్ను ఉండి తమవాళ్ళను ఎట్లా కొట్టారు? దూరాన ఏదో ఉన్నదని కనిపించటం వేరు, అది ఎవరిదో గుర్తుపట్టటం వేరు. రాత్రిపూట పొలం గట్టున లాంతరు కదిలి వస్తుంటే, మనిషి వస్తున్నాడని తెలుస్తుంది. మామయ్యో, దొంగో ముఖం కనబడితే గాని తెలియదు. టాంకు గుండు మాత్రం ముఖం కనబడని దూరానికి కూడా పోతుంది! ఆ యుద్ధంలో తమవారి కాల్పులకే 35 మంది అమెరికా సైనికులు చనిపోయారు. వారందరూ టాంకుల్లో ఉన్నవారు కారు.

తమవారి గుండే అని ఎట్లా తెలిసింది? దెబ్బ తగిలిన రంధ్రాల వద్ద యురేనియం జాడ దొరికింది. యురేనియం గుండ్లు ఇరాకు దగ్గర లేవు.

అప్పట్లో బండ్లమీద గుర్తుగా తలకిందుల ‘వి’ ఆకారం రంగుతో వేసేవారు. వేడిని చూసే కంటికి రంగుతో ఏం పని? తరువాత ఆ కంటికి చల్లగా కనిపించే పలకలు తయారుచేశారు. వేడి బండిమీద చల్లని మచ్చ కనబడితే అది మనవాళ్ళదని గుర్తు. 2003 యుద్ధంలో వాటిని బిగించుకొనే వెళ్ళారు.

ఆ సున్న మాత్రం అట్లాగే నిలవలేదు. 2023లో ఉక్రెయిన్‌కు 31 ఏబ్రమ్స్ చేరాయి. రష్యాతో జరిగిన పోరులో 2024 ఫిబ్రవరిలో మొదటిది పోయింది, తరువాత మరికొన్ని పోయాయి. ఈ టాంకు కవచం ముందువైపు బాగా మందం, పైన పలుచన. కెమెరా పెట్టుకున్న చిన్న డ్రోన్లు, కోడిపిల్లమీదికి గద్ద దిగినట్లు, పైనుంచే దిగుతాయి. అందుకని అక్కడివారు ఏబ్రమ్స్ నెత్తిన ఇనుప కమ్ములతో పందిరి వేశారు.