డొక్కతో సహా లారీకెత్తుతామా?

అంబాజీపేట నుంచి లారీ కదిలేముందు కొబ్బరికాయకి డొక్క ఒలిచేస్తారు. ఒలవకుండా ఎత్తితే చోటంతా పీచుకే పోతుంది మరి! కోనసీమలో చిన్నపిల్లాడికైనా తెలిసిన ఈ సంగతి జావా రాసేటప్పుడు మనకెందుకు గుర్తురాదో!

64 బిట్ల హాట్‌స్పాట్ జేవీఎంలో మామూలుగా ఒక ఇంటీజర్ ఆబ్జెక్టు 16 బైట్లు. అందులో మన అంకె 4 బైట్లే, మిగతా 12 హెడర్. అర్రేలిస్టులో దాని రిఫరెన్సుకి ఇంకో 4. అంటే 4 బైట్ల కాయకి 16 బైట్ల డొక్క! హీపు 32 జీబీ దాటితే రిఫరెన్సే 8 అయి కూర్చుంటుంది. హ్యాష్‌మ్యాప్ సంగతి సరేసరి, ఎంట్రీకే 32, కీకీ వేల్యూకీ చెరో 16. 2025లో జేడీకే 25తో హెడర్‌ని 8 బైట్లకి కుదించుకునే వీలొచ్చిందని సంబరపడ్డాను గానీ, సైజు 8 గుణిజానికి సర్దాలి కదా, ఇంటీజర్ మళ్ళీ 16 దగ్గరే ఆగింది. లాంగ్ మాత్రం 24 నుంచి 16కి దిగింది.

ఈ లెక్క చూడగానే సొంత మెమరీ ఎలొకేటర్ రాసేద్దామని చేతులు దురదపెడతాయి. నేనూ రాశాను లెండి. పెద్ద ఇంట్ అర్రే ఒకటి తీసుకుని, గళ్ళుగా విడగొట్టి, ఖాళీ గళ్ళకో జాబితా పెట్టి, రిఫరెన్సు బదులు గడి నంబరు చేతికిచ్చేవాణ్ణి. జీసీ కోసం ఆగడం కాస్త తగ్గింది, భుజాలు చరుచుకున్నాను.

తర్వాత ఒక థ్రెడ్డు గడిని తిరిగిచ్చేసింది, ఇంకోటి పాత నంబరు పట్టుకునే ఉంది. ఈలోగా ఆ గడిలోకి వేరేవాళ్ళ లెక్క వచ్చి చేరింది. ఎక్సెప్షన్ లేదు, క్రాష్ లేదు. ఒకరి బ్యాలెన్సు ఇంకొకరి రిపోర్టులో, అంతే! అర్రే హద్దు దాటితే జేవీఎం పట్టుకుంటుంది గానీ, హద్దు లోపల ఏ గడి ఎవరిదో దానికేం తెలుసు? కనిపెట్టడానికి పది రోజులు పట్టింది. జావాలోకొచ్చి వదిలించుకున్న జబ్బుని చేతులారా మళ్ళీ తెచ్చుకున్నానన్నమాట. (నంబరుతోపాటు తరం సంఖ్య కూడా పెట్టి, గడి చేతులు మారినప్పుడల్లా దాన్ని పెంచాక గానీ నిద్రపట్టలేదు.)

అందుకే నా మటుకు నాకు, ముందు డొక్క ఒలవడం. మామూలు ఇంట్ అర్రేలు, లేదా బాక్సింగ్ లేని మ్యాపులూ లిస్టులూ ఇచ్చే ఫాస్ట్‌యుటిల్, ఎక్లిప్స్ కలెక్షన్స్ లాంటివి. చాలా ప్రాజెక్టులకి అక్కడితో సరిపోతుంది. హీపు బయటికి పోవాల్సిందేనంటే, 2024లో జేడీకే 22తో ఖాయమైన ఎరీనా, మెమరీసెగ్మెంట్ ఉన్నాయి. గడి గడికీ ఫ్రీ చేసే గోల లేదు, ఎరీనా మూసేస్తే అన్నీ ఒకేసారి పోతాయి. మూశాక ఎవరైనా ముట్టుకుంటే ఎక్సెప్షన్ వస్తుంది, నా పది రోజులూ మిగిలేవి! అన్‌సేఫ్ జోలికి మాత్రం పోకండి, అందులోని మెమరీ మెథడ్స్ తీసేస్తామని జేడీకే 23 నుంచే చెబుతున్నారు.

ఒక్కో గడి ఒక్కోసారి ఖాళీ అయ్యే డేటా ఉంటేనే సొంత ఎలొకేటర్ మాట. అదీ జేమ్యాప్‌తో హిస్టోగ్రామ్ తీసి, ఇంటీజర్లు పైవరసలో ఉన్నాయో లేదో చూశాకే. నేను ఆ పని అంతా అయ్యాక చేశాను. పైన కూర్చున్నవి బైట్ అర్రేలు, అంటే స్ట్రింగులు!