ముగింపు గల ఆట

ఆటను గూర్చి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమా అని పెద్దలు కొందరు కనుబొమలు ముడివేయవచ్చు. అందునా వ్రాస్తున్నది తెలుగు అధ్యాపకులు, ఎన్నుకున్నది చేతిలో ఇమిడే ఒక పాత వీడియో ఆట! కాని కావ్యానికి గుణదోషాలు విచారించడం మన సంప్రదాయం. మన పిల్లల కాలాన్ని కావ్యాలకన్న ఎక్కువగా ఆక్రమిస్తున్న వస్తువుకు ఆ విచారణ అక్కరలేదనడం న్యాయం కాదు. విద్యార్థులు విచారించకుండా మెచ్చుకుంటున్నారు, పెద్దలు విచారించకుండా దూషిస్తున్నారు. ఈ ఇరువురి నడుమ నిలిచి నాలుగు మాటలు చెప్పాలని మా ప్రయత్నం.

ఆట పేరు సూపర్ మారియో ల్యాండ్. 1989 ఏప్రిల్‌లో జపానుకు చెందిన నింటెండో సంస్థ గేమ్ బాయ్ అనే చేతి యంత్రాన్ని విడుదల చేసినప్పుడు దానితో పాటే ఈ ఆట కూడా వెలువడింది. ప్రపంచమంతటా కోటి ఎనభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అందులో ఒక ప్రతి, మేము ప్రాథమిక పాఠశాలలో చదువుతున్న రోజులలో, గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన మా మామూ పెట్టెలో గుడివాడలోని మా ఇంటికి చేరింది.

ఆట స్వరూపం సులభమైనది. మీసాల మారియో పరుగెత్తుతాడు, ఒక తిన్నె మీద నుండి మరొక తిన్నెకు దూకుతాడు, శత్రువుల తలలు తొక్కుతాడు. దివిసీమ పిల్లలకు ఇంతకన్న వివరణ అవసరం లేదు. పంట కాలువపై వేసిన తాటి దుంగ మీద, వాన వెలిసిన వెంటనే, పుస్తకాల సంచితో దాటిన ప్రతి బాలుడికీ ఈ విద్య తెలుసు. ఎంత దూరం, ఎంత వేగం, ఎక్కడ కాలు ఆనించాలి అన్న లెక్కే ఈ ఆటకు ప్రాణం.

ముందుగా గుణాలు చెప్పుకుందాము. మొదటిది మితత్వం. ఆ యంత్రపు తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు మాత్రమే. రంగులు లేవు, ఒకే వర్ణంలో నాలుగు ఛాయలు. ఆట మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడింది. నేడు మన ఫోనులో తీసే ఒక్క ఛాయాచిత్రం అంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఆ యంత్రాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు, ఈ ఆటకు నిర్మాత గున్‌పే యోకోయ్. బాగా నలిగి, చవకగా దొరికే పాత సాంకేతిక విజ్ఞానాన్ని కొత్త పనికి వినియోగించాలన్నది ఆయన సిద్ధాంతం. అదే సంవత్సరం అటారీ సంస్థ లింక్స్ అనే రంగుల తెర యంత్రాన్ని తెచ్చింది. అది ఆరు సెల్లు మింగి కొద్ది గంటలలోనే చల్లబడేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో పది గంటలకు పైగా నడిచేది. బజారులో నిలిచినది రంగులది కాదు, సెల్లు ఆదా చేసినది. మన పెడన కలంకారీ వారికి ఇది కొత్త పాఠం కాదు. పాత ఇనుము, బెల్లం నానబెట్టిన నలుపుతో, పటిక పట్టించిన ఎరుపుతో, కొయ్య అచ్చులతో వారు చేసిన అద్దకం సముద్రాలు దాటి పోయింది. సాధనాలు కొద్దివైనప్పుడు చేతికి బుద్ధి పెరుగుతుంది.

రెండవ గుణం వైవిధ్యం. నాలుగు రాజ్యాలు, ఒక్కొక్క దానిలో మూడేసి ఘట్టాలు, వెరసి పన్నెండు. పిరమిడ్ల నాడు, నీటి నాడు, పెద్ద రాతి తలల నాడు, చివరగా చైనాను పోలిన నాడు. ఈ చివరి రాజ్యం పేరు చాయ్! ఆ పేరు చదివిన ప్రతిసారీ మా ఇంట ఎవరో ఒకరు పొయ్యి మీద గిన్నె పెట్టేవారు. రెండు చోట్ల మారియో గెంతడం మాని, ఒకసారి జలాంతర్గామిలో, మరొకసారి విమానంలో సాగుతాడు. హిరోకాజు తనాకా కూర్చిన సంగీతం ముప్పది ఏళ్లకు పైగా గడిచినా మా చెవిలో ఉన్నది.

ఇక దోషాలు. బొమ్మలు మరీ చిన్నవి. కదిలే బొమ్మ వెనుక నీడ ఈడ్చుకొని వస్తుంది. తెరకు స్వయంప్రకాశం లేదు. అవనిగడ్డలో అమ్మమ్మ ఇంట కరెంటు పోయిన రాత్రులలో లాంతరు వైపు తెర తిప్పి, మెడ వంచి ఆడిన నొప్పి మాకు నేటికీ జ్ఞాపకమే. గడచిన చోటికి వెనుదిరిగే వీలు లేదు. ఆగిన చోటును భద్రపరచే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటును, పెద్ద బొమ్మలను 1992లో వచ్చిన రెండవ భాగం సమకూర్చింది.

ఇంతకన్న పెద్ద దోషాలు భావానికి సంబంధించినవి. దేశాలన్నీ గోడకు అంటించిన కాగితాల వంటివి. చైనా అంటే గెంతే శవాలు, ఈజిప్టు అంటే సింహికా విగ్రహం! ఒక జాతిని దాని వింతలతోనే గుర్తించే ఈ అలవాటు ఎంత నొప్పించేదో వేరొకరి కథలలో తమ బొమ్మ చూసుకున్న వారికే తెలుస్తుంది. యువరాణి డైసీ పని బందీగా ఉండడమే. మా విద్యార్థినులు దీనిని గుర్తించి ప్రశ్నిస్తే మేము సంతోషిస్తాము.

మారియోను సృష్టించిన షిగేరు మియమోతో ఈ ఆటలో పాలుపంచుకోలేదు. దర్శకత్వం సతోరు ఒకాడాది. అందుచేత ఇది అసలు సరుకు కాదు, చిలకలపూడి బంగారమని కొందరు తీసివేస్తారు. మేము బందరులో ఉద్యోగం చేసేవారము కనుక ఒక మాట చెప్పగలము. చిలకలపూడి నగ తాను మేలిమినని బొంకదు, తన ధరకు తగిన అందం ఇస్తుంది. ఈ ఆట కూడా అంతే.

అందరూ చెప్పే చివరి దోషం, ఇది మరీ చిన్న ఆట అని. నిజమే. చేయి తిరిగిన వారు ముప్పావు గంటలోపున ముగిస్తారు. గుడివాడలో రైలెక్కి మీట నొక్కితే, గుడ్లవల్లేరు, కవుతరం దాటి పెడన సమీపించేసరికి యువరాణి విడుదలయ్యేది. శత్రువులను పెంచిన రెండవ ఆవృత్తి ఉన్నది గాని, ఆడి తీరాలని ఎవరూ బలవంతపెట్టరు. మిగిలిన దారి కిటికీలో వరిచేలను చూడడానికే. దీనిని మేము బాల్యంలో లోపమని తలచాము. నేడు అట్లా తలచలేము.

కారణం దాచము. గత సంవత్సరం ఒక రాత్రి, జవాబు పత్రాల కట్ట విప్పబోతూ, ఐదు నిమిషాలకని ఫోనులో ఒక ఆట తెరచాము. దానికి ఆఖరి ఘట్టం లేదు. ఓడినప్పుడు మరొక ప్రాణం ఇచ్చింది, విసిగినప్పుడు బహుమానం చూపింది, ఆపబోయినప్పుడు మిత్రుడెవరో మమ్ము దాటిపోయాడని చెప్పింది. ఫజర్ అజాన్ వినబడి తలెత్తాము. కట్ట విప్పనేలేదు. ఆ ఉదయం తరగతిలో, రాత్రంతా మేలుకున్న విద్యార్థిని మందలించడానికి మాకు నోరు రాలేదు.

కనుక కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటే. ఆటలన్నింటినీ ఒకే గాటన కట్టి నిషేధించవద్దు. డబ్బు పందెపు ఆటలను నిషేధించిన 2025 నాటి పార్లమెంటు చట్టం సైతం తక్కిన ఆటలను వేరు చేసి చూసింది. ఆ వివేకం మనకూ ఉండాలి. నియమం వ్రాయడానికి ముందు, విద్యార్థుల చేతనే వారు ఆడే ఆటల గుణదోషాలు ఒక సభలో చెప్పించండి. అధ్యక్షత వహించమంటే మేము సిద్ధము, మా రాత్రి సంగతి ఆ సభలో మొదట చెప్పడానికి కూడా సిద్ధము.

విద్యార్థులారా! మీరు ఆడే ఆటను ఒక్క ప్రశ్న అడగండి: నీకు ముగింపు ఎక్కడ? జవాబు చెప్పగల ఆటను నిశ్చింతగా ఆడండి. చెప్పలేనిదైతే ముగింపును మీరే నిర్ణయించండి. పెడన స్టేషను రాగానే యంత్రం మూసి కిటికీ వైపు తిరిగిన ఆ పిల్లవాని స్వేచ్ఛ మీకూ ఉండాలని మా ఆకాంక్ష.