ఒంటరి బాటసారి – ఊరి ఋణం

దేశాటనం విద్యాభ్యాసంలో ఒక భాగమని ప్రాచీనులు విశ్వసించారు. ఆ విశ్వాసం నేటి యువతరంలో కొత్త రూపు దాల్చింది. వీపున ఒక సంచి తగిలించుకొని, తోడెవరూ లేకుండా, చేతిలో కొద్దిపాటి సొమ్ముతో పరదేశాలకు బయలుదేరే యువతీయువకులు నానాటికీ పెరుగుతున్నారు. వీరినే బ్యాక్‌ప్యాకర్లు అంటున్నారు. ఇట్టి ప్రయాణాన్ని సాహసమని మెచ్చుకొనేవారు కొందరు, తల్లిదండ్రులకు దిగులు తెచ్చిపెట్టే దుడుకుతనమని నిరసించేవారు మరికొందరు. ఈ రెండు తీర్పులూ ప్రయాణం చేసినవానిని గూర్చినవే. అతడు అడుగుపెట్టిన ఊరి సంగతి ఎవరూ అడగరు. ఆ ఊరి పక్షాన నిలిచి చూస్తేనే ఒంటరి ప్రయాణపు మంచిచెడ్డలు తెలుస్తాయి. వియత్నాం మధ్యతీరాన ఉన్న హోయ్ ఆన్ పట్టణం ఈ విచారణకు తగిన తావు.

థు బాన్ నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో వెలసిన రేవు ఇది. 15వ శతాబ్ది మొదలు 19వ శతాబ్ది వరకు ఇక్కడ వర్తకం సాగింది. జపాను, చైనా వర్తకులు వీథులకు వీథులే కట్టుకొని స్థిరపడ్డారు. పోర్చుగీసువారు, డచ్చివారు వచ్చిపోయారు. 1593లో నిర్మాణం ఆరంభమైందని చెప్పే జపాను వంతెన నేటికీ నిలిచి ఉంది. వియత్నాం దేశపు 20,000 డాంగుల నోటు మీద దాని బొమ్మను చూడవచ్చు. 19వ శతాబ్దిలో నదీముఖం ఇసుకతో పూడిపోయింది. పెద్ద ఓడలు ఉత్తరాన ఉన్న డా నాంగ్ రేవుకు తరలిపోయాయి. దానితో హోయ్ ఆన్ చితికిపోయింది. విచిత్రమేమంటే, ఆ లేమియే పట్టణాన్ని కాపాడింది. పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టుకొనే స్తోమత లేకపోవడం వల్ల 1,100కు పైగా కలప చట్రపు కట్టడాలు మిగిలాయి. 1999లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వర్తకుడు వదలివెళ్ళిన ఊరిని వెదుక్కుంటూ యాత్రికుడు వచ్చాడు.

హోయ్ ఆన్‌కు రైలు లేదు. డా నాంగ్‌లో దిగి దాదాపు 30 కిలోమీటర్లు రోడ్డుమార్గాన రావాలి. బృందంతో వచ్చేవారికి బస్సు, బస, భోజనం, మాట్లాడే మనిషి అన్నీ ముందే సిద్ధమై ఉంటాయి. ఒంటరిగా వచ్చినవానికి ఆ సౌకర్యం లేదు. భాష రాదు. ఆ భాష కూడ సామాన్యమైనది కాదు. 'మా' అన్న ఒక్క మాట స్వరాన్ని బట్టి అమ్మ కావచ్చు, దయ్యం కావచ్చు, వరినారు కావచ్చు. అందువల్ల అతడు ప్రతి చిన్న పనికీ ఎవరినో ఒకరిని ఆశ్రయించక తప్పదు. సైకిలు అద్దెకిచ్చే ఇల్లాలు సైగలతో దారి చెబుతుంది. అంగడిలో ముతక సేమియా వంటి 'కావ్ లావ్' వడ్డించే ముదుసలి దానిని ఎలా కలుపుకోవాలో చేతితో చూపిస్తుంది. ఆ వంటకానికి బా లే అనే పాత బావి నీరే వాడాలన్నది స్థానిక సంప్రదాయం. ట్రా క్వే అనే పల్లెలో నదిలోని నాచును ఎరువుగా వేసి ఆకుకూరలు పండించే రైతులు కనిపిస్తారు. పరాధీనతే ఇక్కడ గురువు. అడిగితే తప్ప అన్నం దొరకని స్థితిలో ఎదుటి మనిషి ముఖాన్ని శ్రద్ధగా చూడటం అలవడుతుంది. యౌవనంలో ఇంతకంటె మేలైన పాఠం అరుదు.

అయితే ఏకాంతమే చూపునిస్తుందని అనుకోవడం పొరపాటు. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట సుమారు నూరుమంది పరివారం ఉంది. అయినప్పటికీ దారిలోని ఊళ్ళ వసతులను, నీటి సౌకర్యాన్ని, జనుల ఆచారాలను ఆయన ఎంత నిశితంగా నమోదు చేశాడో 'కాశీయాత్ర చరిత్ర' చదివినవారికి తెలుసు. మరోవైపు, ఒంటరిగా వచ్చి మూడు పగళ్ళూ సెల్‌ఫోనులో తన ముఖాన్నే చూసుకొని వెళ్ళేవారు హోయ్ ఆన్ వీథుల్లో కోకొల్లలు. తోడు లేనంత మాత్రాన అహం తోడు రాకుండా పోదు!

ఇంతకంటె గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. బ్యాక్‌ప్యాకరు తాను పర్యాటకుడను కానని, బాటసారినని చెప్పుకుంటాడు. ఊరికి ఆ భేదం తెలియదు. వియత్నాం 1986లో ఆర్థిక సంస్కరణలు ఆరంభించిన తరువాత తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. మొదట సంచి మోసుకొని వచ్చినవారు బాట వేశారు. ఆ బాటన బస్సులు వచ్చాయి. నేడు పాత పట్టణంలో అనేక గృహాల ముంగిళ్ళు దుస్తులు కుట్టే దుకాణాలుగా, కాఫీ అంగళ్ళుగా మారిపోయాయి. మంచి అద్దె వస్తూంటే ఇంటివారు ఆ ఇల్లు అద్దెకిచ్చి ఊరి అంచున కాపురం పెట్టుకోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు. కాని తాతముత్తాతల పూజాపీఠం ఉన్న గదిలో సంచులు, లాంతర్లు అమ్ముతున్నప్పుడు ఆ ఇల్లు ఇల్లుగా మిగలదు. 1998 నుంచి ప్రతి చాంద్రమాసంలో చతుర్దశి రాత్రి విద్యుద్దీపాలు ఆర్పి లాంతర్లు వెలిగించే వేడుక జరుపుతున్నారు. చూడముచ్చటైనదే. అయితే ఆ వెలుగులో ఊరివారెందరు, వచ్చినవారెందరు అని లెక్కించిన బాటసారి అరుదు.

2023లో పాత పట్టణంలో ప్రవేశించే పర్యాటకులందరికీ టికెట్టు తప్పనిసరి చేయాలని స్థానికాధికారులు తలపెట్టినప్పుడు పెద్ద వివాదం చెలరేగింది. విదేశీయులకు దాని వెల 1,20,000 డాంగులు, అంటే సుమారు నాలుగు వందల రూపాయలు. ఊరి వీథిలో నడవడానికి రుసుమేమిటన్న ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కాని చెదలు తిన్న దూలాన్ని మార్చడానికి, వంగిన కప్పును సరిచేయడానికి సొమ్ము ఎక్కడినుంచో రావాలి కదా. వేల రూపాయల విమానపు టికెట్టు కొని వచ్చి, ఈ రుసుము తప్పించుకొనే సందుగొందులను తోటి యాత్రికులకు ఘనకార్యంలా బోధించే బ్యాక్‌ప్యాకరును మాత్రం సమర్థించడం కష్టం. పొదుపు వేరు, ఎగవేత వేరు.

చూడవచ్చినవాడు ఎంతవరకు ఊరివాడు కాగలడో చెప్పే నిదర్శనం కూడ ఇక్కడే ఉంది. పోలెండు దేశపు వాస్తుశిల్పి కజిమియేజ్ క్వియట్కోవ్‌స్కీ 1981లో వియత్నాం వచ్చాడు. హోయ్ ఆన్‌కు 40 కిలోమీటర్ల దూరంలో అడవి నడుమ మీ సన్ అనే ప్రాచీన శివక్షేత్రం ఉంది. చంపా రాజులు 4వ శతాబ్ది నుంచి 13వ శతాబ్ది వరకు కట్టించిన ఇటుక గోపురాలవి. అక్కడి శాసనాల్లో సంస్కృతం వినిపిస్తుంది. వాటిలో శ్రేష్ఠమైన గోపురం 1969లో అమెరికా విమానాల బాంబుదాడిలో కూలిపోయింది. యుద్ధశేషాలు ఇంకా తొలగని ఆ అడవిలో కూలీలతో కలిసి ఉంటూ ఆయన గోపురాలను నిలబెట్టాడు. హోయ్ ఆన్‌లోని పాత ఇళ్ళ విలువను లోకానికి చాటినవారిలో ఆయన ముఖ్యుడు. 1997లో హుయే నగరంలో పనిలో ఉండగానే కన్నుమూశాడు. మరి రెండేళ్ళకు మీ సన్, హోయ్ ఆన్ రెండింటికీ ప్రపంచ గుర్తింపు లభించింది. హోయ్ ఆన్‌లో ఆయన స్మారక శిల్పం ఉంది. దాని ముందు ఆగి పేరు చదివే సందర్శకులు తక్కువ.

మీ సన్‌లో భారత పురావస్తు శాఖ కూడ 2017 నుంచి 2022 వరకు కొన్ని ఆలయాలను పునరుద్ధరించింది. ఆ పనుల్లోనే 2020లో 9వ శతాబ్ది నాటి ఏకశిలా శివలింగం బయటపడింది. ఇటీవల భారతదేశం నుంచి ఆ తీరానికి వెళ్ళే యువకుల సంఖ్య పెరిగింది. సముద్రపుటొడ్డున నాలుగు రోజులు గడిపి, మీ సన్‌కు ఒక్క పూట కేటాయించనివారు పోగొట్టుకొనేది చిన్నది కాదు.

ఆ సముద్రపుటొడ్డు కూడ స్థిరమైనది కాదు. కువా దై తీరాన్ని కొన్నేళ్ళుగా కడలి కోసివేస్తున్నది. ఎగువన జలవిద్యుత్తు ఆనకట్టలు కట్టడం, నదిలో ఇసుక తవ్వకం వల్ల నది మోసుకొచ్చే ఇసుక తగ్గింది. ఒకప్పుడు రేవును పూడ్చిన ఇసుకే నేడు తీరానికి కరవైంది. వరదలు మరొక బాధ. ఏడాది చివర కురిసే వానలకు నది వీథుల్లోకి వస్తుంది. అందుకే పాత ఇళ్ళలో పై అంతస్తుకు సరుకు లాగే కంత ఉంటుంది. గోడ మీద ఏయే సంవత్సరం నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గీతలు గీసి ఉంటాయి. 1964 నాటి వరదను ఊరివారు ఇంకా చెప్పుకుంటారు. 2025 అక్టోబరు చివర పాత పట్టణం మళ్ళీ నీట మునిగింది.

బృందయాత్రలు ఆ కాలంలో రద్దవుతాయి. గదులు ఖాళీగా ఉంటాయి. తేదీల నిర్బంధం లేనివాడు ఒంటరి బాటసారి ఒక్కడే. నీరు తీసిన తరువాత ఇంటివారు నేల మీది బురదను చీపుళ్ళతో నదివైపు తోస్తూ, తడిసిన బల్లలను ఎండలో పెట్టుకుంటూ ఉంటారు. అంగడి మళ్ళీ తెరవడానికి వారం పట్టవచ్చు. లాంతర్లు వెలగని ఆ వారంలో వెళ్ళి, అద్దె గది తీసుకొని, తెరిచిన మొదటి కొట్టులో భోంచేసే యాత్రికుడు ఊరికి ఎంత అవసరమో ఆ కొట్టు యజమానిని అడిగితే తెలుస్తుంది.