పరీక్షకులకు పరీక్ష వలదా?

న్యాయస్థానమున సాక్షి ప్రమాణము చేసినంత మాత్రమున అతని మాట సత్యమని ఎవ్వరును అంగీకరింపరు. అడ్డుప్రశ్నలకు నిలిచినదే సాక్ష్యము. చేపలలో, రొయ్యలలో హానికరమగు క్రిములు లేవని ప్రయోగశాల వ్రాసియిచ్చు కాగితమును మాత్రము మనము ఏ ప్రశ్నయు లేకయే నమ్ముచున్నాము.

క్రిమిని పట్టుట సులభకార్యము కాదు. 25 గ్రాముల నమూనాలో సాల్మొనెల్లా బొత్తిగా ఉండరాదని నియమము. మంచున గడ్డకట్టిన సరకులో ఆ క్రిమి నీరసించి, ఇతర జీవుల నడుమ దాగియుండును. ముందుగా పోషకద్రవమున కోలుకొననిచ్చిన గాని దొరకదు. విబ్రియో పారాహీమోలిటికస్ అను సముద్రక్రిమి ఉప్పులేని ద్రవమున పెరుగనే పెరుగదు. 1950లో జపానునందలి ఒసాకా ప్రాంతమున చిరుచేపలు తిన్న 272 మందిని రోగగ్రస్తులను జేసి, 20 మందిని బలిగొన్నది ఇదియే. పనివాని తొందరపాటు, వేడిమిలో కొలది తేడా చాలును, ఉన్నదానిని లేదనుటకు.

అందుచేతనే నైపుణ్యపరీక్షలు ఏర్పడినవి. కొన్ని నమూనాలలో క్రిమిని కలిపి, కొన్నింట కలుపక, లోపలి సంగతి చెప్పక, పెక్కు ప్రయోగశాలలకు పంపి, సమాధానములను సరిపోల్చుదురు. ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు గోరు శాలలు వీనిలో పాల్గొనవలయును. మంచిదే. కాని వచ్చినది పరీక్షనమూనా యని ఎరిగినవాడు ఆనాడు అధికశ్రద్ధ వహించును. ఏ శాల తప్పినదో ప్రజలకు తెలియదు.

తప్పు రెండు అంచుల కత్తి. ఉన్నది లేదన్నచో తిన్నవానికి రోగము. లేనిది ఉన్నదన్నచో రొయ్యల రైతునకు సర్వనాశనము. 2006 నాటి ఆహారభద్రతా చట్టపు 46వ సెక్షను అప్పీలునకు త్రోవ చూపినది. కాని క్రిమి మన వాయిదాలకై వేచియుండదు. ఈలోగా పెరుగును, లేదా చచ్చును. రెండవ పరీక్ష మొదటిదాని తప్పును సరిదిద్దునన్న నమ్మకము లేదు. కావున ప్రయోగశాల యోగ్యతను ముందే తేల్చవలయును.

1997 ఆగస్టులో ఐరోపా సమాఖ్య మన మత్స్యముల దిగుమతిని నిషేధించినపుడు మనకు మెలకువ కలిగినది. నాటినుండి విశాఖ రేవు దాటు రొయ్యకు కాపలా హెచ్చినది. పూడిమడక వంటి పల్లెల ఒడ్డున దిగి, బుట్టలలో రావికమతము వంటి లోతట్టు గ్రామములకు చేరు చేపకు కాపలా యేది? ఉడికించిన క్రిమి చచ్చునందురు; నిజమే. కత్తిపీటకు అంటినది పక్కనున్న కూరగాయకు అంటదా? పరదేశి కడుపునకొక నీతి, మన కూలివాని కడుపునకొక నీతియా?

మేము కోరునది స్వల్పము. పరీక్షనమూనాలు దినచర్య నమూనాలలో కలిసి, గుర్తు తెలియకుండ రావలయును. ప్రభుత్వ ప్రయోగశాలల ఫలితములను ఏటేట ప్రకటింపవలయును. తప్పిన శాల తన్ను సవరించుకొని మరల నెగ్గువరకు ఆ పరీక్ష చేయరాదు. మన సంతలలోని చేపకును ఈ రక్షణ కలుగవలయును. పరులు తప్పుపట్టకముందే తన తప్పు తాను వెదకికొను జాతికే గౌరవము దక్కును.