తోట వాకిలి మూసుకున్న తరువాత

ఆదాము హవ్వల కథ మనలో చాలామందికి తోటలో మొదలై తోట వాకిలి దగ్గరే ముగిసిపోతుంది. పాము మాట్లాడింది, హవ్వ పండు తిని భర్తకు పెట్టింది, దేవుడు ఇద్దరినీ వెళ్లగొట్టాడు. తరువాత ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. ఆ మాటకొస్తే మూలగ్రంథం కూడా అక్కడి నుంచి చాలా పొదుపుగా నడుస్తుంది. ఆదికాండము నాలుగో అధ్యాయంలో కొడుకులు పుట్టారు, కయీను హేబెలును చంపాడు. ఐదో అధ్యాయంలో ఆదాము 930 ఏళ్లు బతికి చనిపోయాడు. హవ్వ ఎప్పుడు పోయిందో, ఆమెను ఎక్కడ పెట్టారో ఒక్క మాట లేదు. మూల హీబ్రూ బైబిలు మొత్తంలో ఆమె పేరు వచ్చేదే రెండుసార్లు. మానవజాతికంతటికీ తల్లి అనిపించుకున్న మనిషికి దక్కిన చోటు అంత. ఈ మౌనాన్ని యూదులూ క్రైస్తవులూ వెయ్యేళ్లకు పైగా కథలతో పూరించుకుంటూ వచ్చారు. ఆ కథల్ని దగ్గర పెట్టుకుని చదివితే ఒక సంగతి తేటపడుతుంది. వాళ్ల ఊహ పండు దగ్గర ఆగిపోలేదు. తోట బయటి మొదటి చీకటి, మొదటి ఆకలి, మొదటి చలికాలం, మొదటి శవం, ఇవి వాళ్లను ఎక్కువగా కలవరపెట్టాయి. ఆదిమానవుల గాథను పతనగాథగా మాత్రమే చదవడం ఈ సంప్రదాయాలకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

ముందు యూదు మతపండితులైన రబ్బీల దగ్గరికి వెళదాం. వాళ్ల చర్చల సంకలనమైన తల్మూద్‌లో ఇతర మతాల పండుగలను గురించిన చర్చలో ఒక కథ వస్తుంది. పగళ్లు రోజురోజుకీ కురచనవుతుంటే ఆదాము బెంబేలెత్తిపోయాడు. తన పాపం వల్లే లోకం చీకటిలోకి జారిపోతోందని, తనకు విధించిన మరణం ఇదేనని అనుకున్నాడు. ఎనిమిది రోజులు ఉపవాసం కూర్చున్నాడు. అయనం మారి పగలు మళ్లీ పెరగడం కళ్లారా చూశాక, ఇది లోకం నడిచే తీరే తప్ప శిక్ష కాదని తెలుసుకుని ఎనిమిది రోజులు పండుగ చేసుకున్నాడు. రోమన్లు శీతాకాలంలో చేసుకునే ఉత్సవాల మూలం ఇదేనని రబ్బీలు చెప్పారు. తమ ఆలయాన్ని కూల్చిన రోము పండుగకు కూడా తమ తొలి తండ్రి భయంలోనే పుట్టుక చూపగలగడం చిన్న విషయం కాదు. అంతకన్నా ముఖ్యమైనది ఆదాము నేర్చుకున్న పాఠం. జరిగిన ప్రతి కష్టమూ తన తప్పుకు శిక్ష కాదని మొదటి పాపికి తెలిసివచ్చింది. మరో కథలో, విశ్రాంతి దినమైన సబ్బాతు ముగిసి మొదటిసారి చీకటి కమ్మినప్పుడు దేవుడు అతనికి రెండు రాళ్లు దొరికేట్టు చేశాడు. అతను వాటిని ఒకదానితో ఒకటి కొట్టి నిప్పు పుట్టించాడు. నేటికీ యూదుల ఇళ్లలో శనివారం రాత్రి దీపం వెలిగించి నిప్పు మీద ఆశీర్వచనం చెప్పడానికి ఈ కథనే కారణంగా చెబుతారు.

శ్రమను గురించిన కథలు ఇంకా లోతైనవి. ముళ్ల చెట్లూ పొలంలోని మొక్కలే నీ ఆహారం అని విన్నప్పుడు, నేనూ నా గాడిదా ఒకే తొట్టిలో తినాలా అని ఆదాము కన్నీళ్లు పెట్టుకున్నాడట. చెమటోడ్చి రొట్టె తింటావన్న తరువాతి మాట చెవిన పడ్డాక అతని మనసు కుదుటపడిందట. రబ్బీ యెహోషువ బెన్ లేవి పేరున వచ్చిన కథ ఇది. మనమంతా శాపంగా చదివే వాక్యాన్ని ఆయన ఊరటగా విన్నాడు, కష్టపడి వండుకు తినడమే మనిషిని పశువు నుంచి వేరు చేస్తుందని గుర్తించాడు. బెన్ జోమా అనే మరో పండితుడు యెరూషలేము ఆలయం మెట్ల మీద జనసమూహాన్ని చూసి తలచుకున్నది కూడా ఆదామునే. ఒక్క రొట్టె తినడానికి ఆ మొదటి మనిషి ఒంటరిగా దున్ని, విత్తి, కోసి, పనలు కట్టి, నూర్చి, తూర్పారబట్టి, ఏరి, విసిరి, జల్లించి, పిసికి, కాల్చుకోవలసి వచ్చింది. తనకేమో పొద్దున లేచేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఎన్నో చేతులు తన కోసం పనిచేస్తున్నాయి. ఇందులో పాపం ప్రసక్తే లేదు. ఇతరుల శ్రమకు తాను ఎంత రుణపడి ఉన్నాడో లెక్కవేసుకోవడానికి ఆదాము ఆయనకు ఒక కొలత అయ్యాడు.

ఇక 'ఆదాము హవ్వల జీవితం' అని పిలిచే గ్రంథం సంగతి. గ్రీకు, లాటిన్, ఆర్మీనియన్, జార్జియన్, స్లావోనిక్ భాషల్లో ఇది రకరకాల రూపాల్లో మిగిలింది. లాటిన్ పాఠం తోట బయటే మొదలవుతుంది. ఇద్దరూ ఒక గుడిసె వేసుకుని దుఃఖిస్తూ కూర్చున్నారు. ఆకలి వేసింది. ఎంత వెదికినా పశువులు తినే మేత తప్ప మరేమీ దొరకలేదు. అప్పుడు హవ్వ, నన్ను చంపెయ్యి, నేను లేకపోతే దేవుడు నిన్ను మళ్లీ తోటలోకి రానిస్తాడేమో అంటుంది. ఆదాము ఒప్పుకోడు, నా సొంత శరీరం మీద నేనెలా చెయ్యి ఎత్తుతాను అంటాడు. దేవుడు అడిగినప్పుడు నేరమంతా భార్య మీదికి నెట్టిన మనిషే ఇతను. ఆకలిలో, అవమానంలో అతనికి మొదటిసారి మనిషితనం వచ్చింది. ఆ తరువాత ఆదాము యొర్దాను నదిలో నలభై రోజులు, హవ్వ టైగ్రిస్ నదిలో ముప్ఫై ఏడు రోజులు మెడలోతు నీళ్లలో రాతి మీద నిలబడి పశ్చాత్తాపపడాలని నిశ్చయించుకుంటారు. మిఖాయేలు దూత విత్తనాలు తెచ్చిచ్చి సేద్యం నేర్పుతాడు. గ్రీకు పాఠంలో, వెళ్లిపోయే ముందు ఆదాము దేవదూతలను బతిమాలి తోటలోంచి కుంకుమపువ్వు, జటామాంసి, దాల్చినచెక్క వంటి పరిమళ ద్రవ్యాలూ, తిండికి కొన్ని గింజలూ అడిగి తెచ్చుకుంటాడు. ఏళ్లు గడిచి అతను మంచాన పడ్డప్పుడు చుట్టూ చేరిన పిల్లలకు ఏమీ అర్థం కాదు. జబ్బంటే ఏమిటి, నొప్పంటే ఏమిటి అని అడుగుతారు. అంతకు ముందు ఎవరికీ జబ్బు చేసి ఎరగరు. తండ్రి తోటలోని పండ్ల మీద బెంగపెట్టుకున్నాడేమో, తాను వెళ్లి తెస్తానంటాడు కొడుకు షేతు. మరణం గురించి ఇంత అమాయకంగా, ఇంత నిజంగా రాసిన పుటలు ప్రాచీన సాహిత్యంలో అరుదు.

హేబెలు శవం విషయంలోనూ ఇదే చూపు. ఎనిమిదో శతాబ్దం ప్రాంతపు ఒక మిద్రాష్ (లేఖన వ్యాఖ్యాన) గ్రంథంలో ఆదాము హవ్వలు కొడుకు శవం దగ్గర కూర్చుని ఏడుస్తుంటారు. చచ్చిపోయినవాణ్ణి ఏం చేయాలో వాళ్లకు తెలియదు. ఒక కాకి చచ్చిన తన తోటి కాకిని తెచ్చి మట్టి తవ్వి పూడ్చడం చూసి నేర్చుకుంటారు. ఖురాన్‌లో కాకి ఈ పాఠాన్ని హంతకుడికే నేర్పుతుంది. యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా అయితే ఈ హత్యను న్యాయస్థానంలోకి తెచ్చింది. మరణశిక్ష పడగల కేసులో సాక్ష్యం చెప్పబోయేవాణ్ణి హెచ్చరిస్తూ, మానవుణ్ణి మొదట ఒక్కడిగా సృష్టించడానికి కారణాలు చెబుతుంది. ఒక ప్రాణాన్ని తీసినవాడు ఒక లోకాన్నే నాశనం చేసినట్టని, ఒకడు మరొకడితో మా తండ్రి మీ తండ్రికన్నా గొప్ప అనకుండా ఉండడానికేనని. పురాణం ఇక్కడ సాక్షి నాలుకకు కళ్లెం వేసే చట్టమైంది.

ఇవన్నీ కట్టుకథలు, లేఖనం కాదు, వీటికి ఇంత విలువేమిటని ఒక విశ్వాసి అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. కానీ లేఖనం ఎల్లలు అందరికీ ఒకటి కావు. కయీను తన చెల్లెలు అవాను పెళ్లాడాడని చెప్పే యోబేళ్ల గ్రంథం ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘానికి నేటికీ పవిత్ర గ్రంథమే. పైగా ఈ కథలు లేఖనం వదిలిన చోటే మొలిచాయి. తనను ఎవరైనా చంపుతారని కయీను ఎందుకు భయపడ్డాడు, అతనికి భార్య ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నలు మూలగ్రంథమే లేవనెత్తి వదిలేసింది. అన్నిటికీ మించి, వెళ్లగొట్టే ముందు దేవుడే చర్మపు చొక్కాలు కుట్టి ఇద్దరికీ తొడిగాడని ఆదికాండము చెబుతోంది. బయట చలిగా ఉంటుందని మొదట తలచినవాడు దేవుడే. కథకులు ఆ ఆలోచననే పట్టుకుని ముందుకు నడిచారు.

దీనికన్నా బరువైన అభ్యంతరం క్రైస్తవ సిద్ధాంతం నుంచి వస్తుంది. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు ఆదామును క్రీస్తుకు ఎదుట నిలిపాడు. ఒకని ద్వారా పాపం, మరణం. మరొకని ద్వారా జీవం. నాలుగు, ఐదు శతాబ్దాల మధ్య జీవించిన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ దాని మీద జన్మపాప సిద్ధాంతాన్ని కట్టాడు, పాశ్చాత్య క్రైస్తవం దాన్ని తలకెత్తుకుంది. పతనం లేకపోతే రక్షణకు అర్థమే లేదని ఆ పక్షం వాదన. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. మనిషి మంచిని ఎరిగీ చెడు చేస్తాడన్న అనుభవానికి అగస్టీన్ ఇచ్చినంత గంభీరమైన రూపం కొద్దిమందే ఇచ్చారు. అయితే క్రైస్తవమంతా అదొక్కటే కాదు. రెండో శతాబ్దంలోనే ఐరేనియస్ అనే క్రైస్తవ వేదాంతి, ఆదాము హవ్వలను ఇంకా ఎదగని పిల్లలుగా చూశాడు. ఆదాముకు రక్షణ లేదన్న టేషియన్ అనే మరో క్రైస్తవ రచయితతో తగాదాపడ్డాడు. తప్పిపోయిన గొర్రెను వెదకడానికి వచ్చినవాడు మొదట తప్పిపోయిన గొర్రెనే వదిలేస్తాడా అన్నది ఆయన వాదన సారం. తూర్పు సంఘాల పునరుత్థాన చిత్రంలో క్రీస్తు పాతాళ ద్వారాలను తొక్కి నిలిచి ఆదామును పైకి లాగుతాడు. ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి ఖోరా ఆలయం గోడ మీద పద్నాలుగో శతాబ్దపు చిత్రకారుడు ఒక అడుగు ముందుకు వేశాడు. అక్కడ క్రీస్తు ఒక చేత్తో ఆదాము మణికట్టునూ మరో చేత్తో హవ్వ మణికట్టునూ పట్టుకుని ఇద్దరినీ సమాధుల్లోంచి ఒక్క ఊపున లేపుతున్నాడు. యెరూషలేములో సిలువ పాతిన గుట్ట కిందే ఆదాము పుర్రె ఉందన్న గాథలోనూ ఆదాముకు రక్షణ ఉందన్న ఈ ఆలోచనే కనిపిస్తుంది. ఆ చోట నేటికీ ఆదాము పేర చిన్న ప్రార్థనాలయం ఉంది.

ఈ కథలన్నీ హవ్వనే దోషిని చేశాయి కదా అనేది మూడో అభ్యంతరం. ఇది నిజం, దాచకూడదు. లాటిన్ పాఠంలో సాతాను ఆమెను నదిలో రెండోసారి కూడా మోసం చేస్తాడు. స్త్రీలు ఉపదేశించకూడదని చెప్పే తిమోతి పత్రిక ఆమెనే సాక్ష్యంగా చూపుతుంది. అందుకే నేటి స్త్రీవాదులు కొందరు లిలిత్ వైపు చూశారు. ఆదాముతో సమానంగా మట్టిలోంచి పుట్టి, అతనికి లొంగనని ఎగిరిపోయిన మొదటి భార్యగా లిలిత్ కనిపించేది మధ్యయుగపు 'బెన్ సీరా అక్షరమాల'లో. ఆ తిరుగుబాటు నేటి చదువరికి ఉత్సాహమిస్తుంది. అయినా నాకు గ్రీకు పాఠంలోని హవ్వే గొప్పగా తోస్తుంది. అక్కడ తోటలో జరిగినదంతా ఆమే తన పిల్లలనూ మనవలనూ చుట్టూ కూర్చోబెట్టుకుని పదహారు అధ్యాయాల పాటు చెబుతుంది. ఆదికాండము ఆమెకు కొద్ది మాటలే ఇచ్చింది. ఈ అజ్ఞాత రచయిత ఆమెను మానవజాతి తొలి కథకురాలిని చేశాడు. ఆమె తప్పు ఒప్పుకుంటుంది, కానీ నోరు మూసుకోదు.

మిగిలింది విజ్ఞానశాస్త్రం. మానవజాతి ఒక్క జంట నుంచి పుట్టిందనడాన్ని నేటి జన్యుశాస్త్రం సమర్థించదు. అంతకు చాలా ముందే, 1655లో ఇసాక్ లా పెరేర్ అనే ఫ్రెంచి రచయిత ఆదాముకు ముందే మనుషులున్నారని పుస్తకం రాసి అరెస్టయి, మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చరిత్రగా ఆదాము నిలవడన్నది ఒప్పుకోవలసిందే. అయితే ఆదాముకు ముందు మనుషులున్నారన్న వాదన తరువాతి కాలంలో కొన్ని జాతులను మానవకుటుంబం నుంచి వెలివేయడానికి పనికొచ్చింది. ఒకే తల్లిదండ్రుల కథ మాత్రం 1381లో ఇంగ్లండు రైతుల తిరుగుబాటులో జాన్ బాల్ అనే పాదిరి నోట, ఆదిలో దొరలు ఎక్కడున్నారన్న ప్రశ్న అయింది. ఏది ఎవరి చేతిలో ఎలా పనిచేసిందో కూడా చూడాలి.

తెలుగులో ఈ ఇద్దరి పేర్లు బైబిలు ద్వారా ఇంటింటికీ తెలుసు. ఆ పేర్ల వెనక ఉన్న ఈ విస్తారమైన సాహిత్యం కూడా మన పాఠకుల చేతికి రావాలి. గ్రీకు, హీబ్రూ నేర్చిన తెలుగువాళ్లు మన వేదాంత కళాశాలల్లో ఉన్నారు. వారికి ఈ పత్రిక విన్నపం ఒకటే. హవ్వ తన నోటితో చెప్పిన ఆ పదహారు అధ్యాయాలను మూలం నుంచి నేరుగా, మామూలు పాఠకుడికి అందే తెలుగులోకి తీసుకురండి.